పోలీసుల ఆపి సోదా లెక్కల్లో జాతి వివక్ష ఉందో లేదో తేల్చడం ఎలా

అమెరికాలో పోలీసులు రోడ్డు మీద ఎవరిని ఆపారు, ఏ కారణం రాశారు, సోదాలో ఏం దొరికింది అన్న వివరాలు చాలా రాష్ట్రాల్లో, పెద్ద నగరాల్లో ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్‌లోకి దించుకొని చూసుకోగల పట్టికలుగా దొరుకుతున్నాయి. ఒకే పట్టికను చూపించి ఒకరు పోలీసులు ఒంటి రంగు చూసే ఆపుతున్నారని, మరొకరు నేరాలు జరిగే పేటల్లోనే ఆపుతున్నారని వాదించడం మామూలైపోయింది. సాధారణంగా ఇద్దరి వాదనా ఒక్క నిష్పత్తి మీదే నిలబడుతుంది: పోలీసులు ఆపినవారిలో ఫలానా వర్గం ఎంత శాతం, ఊరి జనాభాలో ఎంత శాతం అని. ఆ పోలిక అవసరమే గాని దానితో విషయం తేలదు. అధికారి సొంత విచక్షణ ఎక్కువగా పనిచేసే సందర్భాలను విడదీసి చూడడం, ఏమీ దొరకని సోదాలను లెక్కగట్టడం అన్న రెండు పనులు చేసినప్పుడే జాతి చూసి అనుమానించే అలవాటు, అంటే రేషియల్ ప్రొఫైలింగ్, ఉందో లేదో కొంత నమ్మకంగా చెప్పగలం.

విలేకరులకు, న్యాయశాస్త్రం గాని గణాంకశాస్త్రం గాని చదివే విద్యార్థులకు, అమెరికాలో ఉంటూ తమ ఊరి పోలీసుల తీరును లెక్కల్లో చూడదలచిన తెలుగువారికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. శాతాలు కట్టడం వస్తే చాలు, అంతకు మించిన గణితం అవసరం లేదు.

ముందుగా చట్టం ఎంత వెసులుబాటు ఇచ్చిందో చూడండి

పోలీసుకు ఆపే అధికారం ఎంతవరకు ఉందో తెలియకుండా పట్టిక తెరిస్తే అంకెలకు అర్థం చెప్పలేం. 1968లో టెర్రీ వర్సెస్ ఒహాయో కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అరెస్టుకు కావలసినంత బలమైన ఆధారం లేకపోయినా నేరానికి సంబంధించి సహేతుకమైన అనుమానం ఉంటే మనిషిని కాసేపు ఆపవచ్చునని, అతని వద్ద ఆయుధం ఉందన్న అనుమానం కూడా ఉంటే బట్టల మీద నుంచి తడిమి చూడవచ్చునని చెప్పింది. ఆ అనుమానానికి దారితీసిన విషయాలేమిటో అధికారి విడమరచి చెప్పగలగాలి. ఎందుకో తేడాగా అనిపించిందంటే చెల్లదు. వాహనాల విషయంలో 1996 నాటి వ్రెన్ తీర్పు ఇంకా ముందుకు వెళ్లింది. ఏ చిన్న ట్రాఫిక్ ఉల్లంఘన కళ్లబడినా బండి ఆపవచ్చు, అధికారి మనసులో అసలు కారణం మరొకటి ఉన్నప్పటికీ, అకారణ సోదాల నుంచి పౌరులను కాపాడే రాజ్యాంగం నాలుగో సవరణ కింద అది తప్పు కాదు. జాతి కారణంగానే ఆపారని ఫిర్యాదు చేయదలచినవారు, చట్టం అందరినీ సమానంగా చూడాలన్న సమాన రక్షణ సూత్రాన్ని ఆశ్రయించాలి, అక్కడేమో వివక్ష చూపాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయాలి. ఉద్దేశాన్ని ఏ అధికారీ కాగితం మీద రాసిపెట్టడు కనుక, వందల వేల తనిఖీలను కలిపి చూసినప్పుడు కనిపించే పోకడే చాలాసార్లు మిగిలే సాక్ష్యం.

ఆ సాక్ష్యం ఎలా తయారవుతుందో న్యూజెర్సీ టర్న్‌పైక్ ఉదంతం చూపిస్తుంది. 1990ల్లో ఆ రహదారి మీద నల్లజాతి డ్రైవర్లనే ఎక్కువగా ఆపుతున్నారన్న ఆరోపణ కోర్టుకెక్కినప్పుడు, జాన్ లాంబర్త్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు రోడ్డు పక్కన మనుషులను కూర్చోబెట్టి వెళ్లే కార్లను లెక్కపెట్టించాడు, వేగపరిమితి దాటుతున్నవారెవరో విడిగా కొలిపించాడు. ఆ రోడ్డు మీద 98 శాతానికి పైగా వాహనాలు పరిమితిని దాటే వెళ్తున్నాయి. నల్లజాతీయులున్న కార్లు మొత్తంలో 13.5 శాతం, పరిమితి దాటినవాటిలో సుమారు 15 శాతం. పోలీసులు ఆపినవారిలో మాత్రం వారి వాటా దాదాపు 35 శాతం. 1996లో రాష్ట్ర న్యాయస్థానం ఈ లెక్కను అంగీకరించి, ఆ తనిఖీల్లో దొరికిన సాక్ష్యాలను పక్కన పెట్టేసింది. రోడ్డు మీద ఉన్న ప్రతివాడూ ఏదో ఒక నిబంధన తప్పుతూనే ఉన్నప్పుడు, వారిలో ఎవరిని ఆపాలన్నది పూర్తిగా అధికారి ఎంపిక అవుతుంది. పట్టికలో మీరు వెతకవలసింది ఆ ఎంపికనే.

ఫారాన్ని గడి గడిగా చదవండి

అంకెల జోలికి వెళ్లే ముందు, అవి పుట్టిన ఫారాన్ని సంపాదించి చదవడం అన్నిటికంటే లాభసాటి పని. చాలామంది దీన్ని వదిలేస్తారు. న్యూయార్క్ పోలీసులు ఏళ్ల తరబడి వాడిన యూఎఫ్-250 ఫారం రెండు వైపులా టిక్కు పెట్టే గడులతో నిండి ఉండేది: అనుమానిత వస్తువు బయటికి కనిపిస్తోంది, వర్ణనకు సరిపోయాడు, దుస్తుల కింద ఉబ్బు ఉంది, తత్తరపాటు కదలికలు, నేరాలు ఎక్కువగా జరిగే ప్రాంతం, ఇలా. ఆ నగర పోలీసుల తనిఖీల మీద నడిచిన ఫ్లాయిడ్ వర్సెస్ సిటీ ఆఫ్ న్యూయార్క్ కేసులో 2013 ఆగస్టు 12న తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ముందుకు 2004 జనవరి నుంచి 2012 జూన్ వరకు జరిగిన 44 లక్షల తనిఖీల లెక్క వచ్చింది. అందులో 'తత్తరపాటు కదలికలు' అన్న గడికి 42 శాతం ఫారాల్లో, 'నేరాలు ఎక్కువగా జరిగే ప్రాంతం' అన్న గడికి 55 శాతం ఫారాల్లో టిక్కు ఉంది.

ఆ కదలికలంటే ఏమిటని కోర్టులో అడిగినప్పుడు అధికారులు చెప్పిన జవాబుల్లో దారి మార్చుకోవడం, ఒక తీరుగా నడవడం, కుదురుగా నిలబడకపోవడం, కాస్త కంగారు పడడం కూడా ఉన్నాయి. మన పత్రికల్లో 'అనుమానాస్పదంగా సంచరిస్తుండగా అదుపులోకి తీసుకుని' అన్న వాక్యం చదివి చదివి అలవాటు పడినవారికి ఈ గడి ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఆ రెండు గడుల్లో టిక్కు లేని తనిఖీలే అరెస్టుకో సమన్లకో దారితీసే అవకాశం ఎక్కువని అదే లెక్కలో తేలింది. అంటే ఆ కారణాలు నేరస్తుణ్ణి పట్టించేవి కావు, ఆపాలనుకున్నవాణ్ణి ఆపడానికి పనికొచ్చేవి.

కాబట్టి మీ పట్టికలోని కారణాలను రెండు కుప్పలుగా విడదీయండి. సాక్షి ఇచ్చిన వర్ణన, బయటికి కనిపించిన ఆయుధం, రాడార్‌లో నమోదైన వేగం వంటివి ఒక కుప్ప. కదలికలు, చూపులు, ప్రాంతం వంటివి మరో కుప్ప. ఒక్కో జాతి వర్గానికి రెండో కుప్ప శాతం ఎంతో, సంవత్సరానికి సంవత్సరం ఎలా మారిందో రాసుకోండి. ఖాళీ వదిలిన గడులనూ లెక్కపెట్టండి. న్యూయార్క్‌లో ఏ నేరాన్ని అనుమానించారో స్పష్టంగా రాయని ఫారాలు 2004లో 1 శాతం ఉంటే 2009 నాటికి 36 శాతానికి పెరిగాయి. ఏ నేరమో తెలియకుండా అనుమానం ఎలా కలిగిందన్న ప్రశ్నకు ఆ ఖాళీలలో జవాబు లేదు.

జాతి గడి దగ్గర ఒక జాగ్రత్త అవసరం. అక్కడ రాసింది ఆ మనిషి చెప్పుకున్న జాతి కాదు, చాలాచోట్ల అధికారి కంటికి కనిపించిన జాతి. ప్రొఫైలింగ్‌ను కొలవడానికి నిజానికి కావలసింది అదే, ఎందుకంటే వివక్ష పనిచేసేది చూసేవాడి అంచనా మీదే. అయితే ఆ అంచనాను తప్పుగా రాసే అలవాటు ఉంటే లెక్క మొత్తం చెడుతుంది. టెక్సస్ రాష్ట్ర పోలీసులు హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) డ్రైవర్లలో చాలామందిని శ్వేతజాతీయులుగా నమోదు చేస్తూ వచ్చిన సంగతి 2015లో బయటపడింది. తరువాత ఆ సమాచారాన్ని వాడిన పరిశోధకులు ఇంటిపేర్ల ఆధారంగా వర్గాలను సరిచేసుకోవలసి వచ్చింది. 2015లో చేసిన చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో అధికారి తనకు కనిపించిన జాతినే రాయాలి, ఆ రాష్ట్రపు వర్గాల జాబితాలో 'మధ్యప్రాచ్య లేదా దక్షిణాసియా' అన్నది ఏషియన్ నుంచి విడిగా ఉంది. ఆ రాష్ట్రంలో కారు నడిపే తెలుగువారు ఆ గడిలో కనిపించాలి, అధికారికి వారు అలా కనిపిస్తేనే. చాలా ఇతర చోట్ల ఏషియన్ అన్న ఒకే గడిలో అందరూ కలిసిపోతారు, అక్కడ భారతీయుల గురించి విడిగా ఏ నిర్ణయానికీ రావద్దు.

దేనితో పోల్చాలో నిర్ణయించుకోండి

న్యూయార్క్‌లో ఆపినవారిలో 52 శాతం నల్లజాతీయులు, 31 శాతం హిస్పానిక్‌లు, 10 శాతం శ్వేతజాతీయులు. 2010 జనాభా లెక్కల్లో వారి వాటాలు వరుసగా 23, 29, 33 శాతం. తేడా పెద్దదే. దీనికి నగర పాలకుల జవాబు ఏమిటంటే, పోల్చవలసింది జనాభాతో కాదు, నేరాల్లో బాధితులు చెప్పిన అనుమానితుల జాతితో అని. అలా చూస్తే ఆ శాతాలు సరిగ్గానే ఉన్నాయని. వినడానికి సబబుగా తోచే ఈ వాదనకు తీర్పులో వచ్చిన సమాధానాన్ని ప్రతి పాఠకుడూ గుర్తుంచుకోవాలి. ఆపినవారిలో 88 శాతం మందిని ఏ చర్యా లేకుండానే వదిలేశారు. 6 శాతం మందిని అరెస్టు చేశారు, మరో 6 శాతానికి సమన్లు ఇచ్చారు. నూటికి 88 మంది ఏ తప్పూ చేయనివారే అయినప్పుడు వారిని నేరస్తుల జాతి వాటాతో పోల్చడంలో అర్థం లేదు, ఆ దారిన మామూలుగా నడిచే జనంతోనే పోల్చాలి.

అందుచేత పేట పేటకూ జనాభాను, అక్కడి నేరాల సంఖ్యను, ఎందరు పోలీసులను మోహరించారన్న దాన్ని దగ్గర పెట్టుకొని, అవన్నీ సమానంగా ఉన్న ప్రాంతాల మధ్య తేడా చూడాలి. ఫ్లాయిడ్ కేసులో ఫిర్యాదీల తరఫు నిపుణుడు జెఫ్రీ ఫాగన్ చేసింది అదే; నేరాల స్థాయిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా నల్లజాతీయులు, హిస్పానిక్‌లు ఎక్కువగా ఉన్న పేటల్లో తనిఖీలు ఎక్కువగానే తేలాయి. రహదారులకు ఇది కుదరదు, ఎందుకంటే ఊరి రోడ్డు మీద వెళ్లేవారందరూ ఆ ఊరివారు కారు. అక్కడ లాంబర్త్‌లా రోడ్డు మీది బండ్లనే లెక్కపెట్టాలి, లేదా కింద చెప్పిన చీకటి పద్ధతిని వాడాలి.

చీకటి చెప్పే సాక్ష్యం

జెఫ్రీ గ్రోగర్, గ్రెగ్ రిడ్జ్‌వే అనే ఇద్దరు 2006లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరపు తనిఖీల మీద ఒక తెలివైన పద్ధతిని ప్రయోగించారు. వెలుతురులో డ్రైవర్ ముఖం కనిపిస్తుంది, చీకట్లో అంతగా కనిపించదు. జాతి చూసి ఆపుతుంటే, చీకటి పడ్డాక నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గాలి. అయితే పగలు, రాత్రి అని నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే పగలు పదింటికి రోడ్డు మీద ఉండేవారు, రాత్రి పదింటికి ఉండేవారు ఒకే రకం మనుషులు కారు. ఒకే గడియార సమయాన్ని తీసుకోవాలి. సాయంత్రం ఏడు గంటలకు జూన్‌లో వెలుతురు ఉంటుంది, డిసెంబరులో చీకటి ఉంటుంది. ఆ సమయానికి పనుల నుంచి ఇళ్లకు వెళ్లేవారు రెండు కాలాల్లోనూ దాదాపు ఒకే రకం మనుషులు. అమెరికాలో ఏటా రెండుసార్లు గడియారాలను గంట ముందుకు, వెనక్కు జరిపే వారాలకు అటూ ఇటూ చూస్తే రుతువుల తేడా కూడా చాలావరకు తొలగిపోతుంది.

చేసే విధానం ఇది. ఆ ప్రాంతపు సూర్యాస్తమయ వేళల పట్టిక తీసుకోండి. ఏడాదిలో కొన్నాళ్లు వెలుతురుగా, కొన్నాళ్లు చీకటిగా ఉండే సాయంత్రపు గంటల్లోని తనిఖీలను మాత్రమే ఉంచుకోండి. సూర్యుడు అస్తమించాక పూర్తి చీకటి పడేదాకా ఉండే సంధ్య నిమిషాలను వదిలేయండి. హెడ్‌లైటు వెలగకపోవడం వంటి కారణాలతో ఆపినవాటిని తీసేయండి, ఎందుకంటే ఆ లోపాలు రాత్రే కనిపిస్తాయి, పాత బండ్లలోనే ఎక్కువగా ఉంటాయి. మిగిలినవాటిని పావుగంట పావుగంటగా విడదీసి వెలుతురులో, చీకట్లో వర్గాల వాటాలను పోల్చండి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 21 రాష్ట్రాల గస్తీ విభాగాల నుంచి, 35 నగరాల పోలీసు శాఖల నుంచి దాదాపు పది కోట్ల వాహన తనిఖీల వివరాలను సేకరించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చీకటి పడ్డాక నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గడం కనిపించింది. వారు శుభ్రపరచిన ఆ సమాచారం ఉచితంగా దొరుకుతుంది, కొత్తగా మొదలుపెట్టేవారికి అదే మంచి పాఠశాల. ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది: వీధిదీపాలు ధగధగలాడే చోట చీకటి ముఖాన్ని దాచదు, బండి మోడల్‌ను చూసి, పేటను చూసి జాతిని ఊహించే అధికారిని అది ఆపదు. అందువల్ల ఈ పరీక్షలో తేడా కనిపించకపోతే వివక్ష లేదని రాయకండి. ఈ పరీక్షకు దొరకలేదని మాత్రమే రాయండి.

సోదాలో ఏం దొరికిందో చూడండి

ఆపడం ఒక నిర్ణయం, సోదా చేయడం మరో నిర్ణయం. రెండోదానికి ఫలితం కాగితం మీద ఉంటుంది కనుక పరీక్షించడం సులువు. ఒక వర్గాన్ని తక్కువ అనుమానంతోనే సోదా చేస్తుంటే, ఆ వర్గం మీద చేసిన సోదాల్లో వట్టి చేతులతో తిరిగి వచ్చేవి ఎక్కువగా ఉంటాయి. నూరు సోదాల్లో ఎన్నింటిలో సరుకు దొరికిందో దాన్ని హిట్ రేటు అంటారు.

మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్ అనే ఊరి పోలీసుల మీద అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో ఇచ్చిన నివేదికలో దీనికి స్పష్టమైన ఉదాహరణ ఉంది. వాహనం ఆపినప్పుడు నల్లజాతి డ్రైవర్లను సోదా చేసే అవకాశం శ్వేతజాతీయుల కంటే రెండింతలకు పైగా ఉంది, కాని వారి వద్ద నిషిద్ధ వస్తువులు దొరకడం 26 శాతం తక్కువ. న్యూయార్క్‌లోనూ ఇదే ధోరణి. ఆపిన నల్లజాతీయుల్లో 1.0 శాతం మంది వద్ద, హిస్పానిక్‌లలో 1.1 శాతం మంది వద్ద, శ్వేతజాతీయుల్లో 1.4 శాతం మంది వద్ద ఆయుధం దొరికింది. ఎక్కువగా ఆపిన వర్గంలోనే తక్కువగా దొరికింది.

అయితే హిట్ రేటు మోసం చేయగలదు, ఇది తెలియక చాలా వ్యాసాలు తప్పుదారి పట్టాయి. ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం. దొరికే అవకాశం 10 శాతం దాటితే ఎవరినైనా సోదా చేయాలన్న ఒకే నియమాన్ని ఒక అధికారి అందరికీ పాటిస్తున్నాడనుకోండి. మొదటి వర్గంలో ఆ గీత దాటినవారందరూ 60 శాతం అవకాశం ఉన్నవారు, రెండో వర్గంలో గీత దాటినవారందరూ 30 శాతం అవకాశం ఉన్నవారు అయితే, హిట్ రేట్లు 60, 30గా తేలతాయి. వివక్ష లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. అంకెలు తారుమారైతే ఉన్న వివక్ష కనిపించకుండా కూడా పోవచ్చు. మనకు కావలసింది సగటు కాదు, అధికారి గీత ఎక్కడ గీశాడన్నది. స్టాన్‌ఫర్డ్ బృందం సోదాల రేటును, హిట్ రేటును కలిపి చూసి ఆ గీతను అంచనా కట్టే పద్ధతిని రూపొందించింది. ఆ లెక్కలోనూ నల్లజాతి, హిస్పానిక్ డ్రైవర్లకు గీత కిందికే ఉందని తేలింది. అంత గణితం చేయలేనివారు కనీసం సోదాల రేటు, హిట్ రేటు రెండింటినీ పక్కపక్కనే రాయాలి. ఒక వర్గాన్ని ఎక్కువగా సోదా చేస్తూ తక్కువగా పట్టుకుంటుంటే, నల్లజాతీయుల విషయంలో ఫెర్గూసన్‌లో కనిపించినట్టు, సాక్ష్యం బలమైనది. రెండూ ఒకే దిశలో ఉంటే తొందరపడవద్దు.

యంత్రాన్ని, కంటిని పోల్చడం నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష. ఫెర్గూసన్‌లో వేగంగా వెళ్లినందుకు రాసిన చలానాల్లో, రాడార్ గాని లేజర్ గాని కొలిచినవాటి కంటే, అధికారి కంటి అంచనా వంటి పద్ధతుల మీద రాసినవాటిలో నల్లజాతి, శ్వేతజాతి డ్రైవర్ల మధ్య అంతరం 48 శాతం ఎక్కువగా ఉంది. ఊరు అదే, నిబంధన అదే, పోలీసులూ వారే. కొలిచే సాధనం మారేసరికి అంతరం మారింది. అలాగే 'రోడ్డు మీద నడిచిన తీరు' అన్న అభియోగం కింద కేసు పెట్టినవారిలో 95 శాతం నల్లజాతీయులు, ఊరి జనాభాలో వారి వాటా 67 శాతం. మీ పట్టికలో యంత్రం నమోదు చేసిన ఉల్లంఘనలు, మనిషి చూసి రాసినవి విడిగా గుర్తించే వీలుంటే ఈ పరీక్షను తప్పక చేయండి.

నష్టాన్ని కూడా అదే శ్రద్ధతో లెక్కకట్టండి

చాలా నివేదికలు వివక్ష ఉందని తేల్చి ఆగిపోతాయి. అవతలి మనిషికి ఏం జరిగిందన్నది సగం విషయం. న్యూయార్క్ తనిఖీల్లో 52 శాతం సందర్భాల్లో మనిషిని తడిమి చూశారు, అంటే సుమారు 23 లక్షల సార్లు, అందులో 98.5 శాతం సార్లు ఏ ఆయుధమూ దొరకలేదు. పోలీసులు బలప్రయోగం చేసిన సందర్భాలు నల్లజాతీయుల తనిఖీల్లో 23 శాతం, శ్వేతజాతీయుల తనిఖీల్లో 17 శాతం. జేబులో ఏమీ లేని కుర్రవాణ్ణి నడిరోడ్డు మీద గోడకు తిప్పి నిలబెట్టినప్పుడు దారిన పోయేవారు చూసే చూపు ఏ గడిలోనూ ఉండదు కాబట్టి, ఇలాంటి గడులనే ఆధారం చేసుకోవాలి.

డబ్బు నష్టాన్ని ఫెర్గూసన్ చూపింది. సుమారు 21,000 జనాభా ఉన్న ఆ ఊరు 2015 ఆర్థిక సంవత్సరంలో తన సాధారణ ఆదాయం 132.6 లక్షల డాలర్లలో 30.9 లక్షల డాలర్లు జరిమానాల నుంచే వస్తాయని అంచనా వేసుకుంది. 2013 ఒక్క ఏడాదిలో ఆ ఊరి మునిసిపల్ కోర్టు 9,000కు పైగా వారంట్లు జారీ చేసింది. చిన్న చలానా కట్టలేక వాయిదాకు రాకపోతే వారంటు, వారంటుతో అరెస్టు, అరెస్టుతో ఉద్యోగం పోవడం అన్న వరుస ఎక్కడ మొదలైందో చూస్తే, ఎవరిని ఆపాలన్న ఆ మొదటి ఎంపిక దగ్గరికే వెళ్తాం. బడ్జెట్ కాగితాలు, కోర్టు రికార్డులు పోలీసు పట్టికతో కలిపి చదవడం అందుకే అవసరం.

చదువు మీద, మనసు మీద పడే ప్రభావానికి అధ్యయనాలున్నాయి. న్యూయార్క్‌లో కొన్ని పేటల్లోకి ఒక్కసారిగా పోలీసులను దింపిన ఆపరేషన్ ఇంపాక్ట్ సమయంలో అక్కడి నల్లజాతి మగపిల్లల పరీక్ష మార్కులు తగ్గాయని లెగెవీ, ఫాగన్ 2019లో చూపించారు. అదే నగరంలో ఎక్కువగా తనిఖీలకు గురైన యువకుల్లో ఆందోళన లక్షణాలు ఎక్కువగా ఉన్నాయని 2014లో మరో సర్వే చెప్పింది. నమ్మకం గురించిన పరిశోధనలను మాత్రం ఆచితూచి వాడాలి. మిల్వాకీ నగరంలో ఒక నల్లజాతీయుణ్ణి పోలీసులు తీవ్రంగా కొట్టిన వార్త బయటికి వచ్చాక నల్లజాతి పేటల నుంచి అత్యవసర సహాయ నంబరు 911కు వచ్చే ఫోన్లు తగ్గిపోయాయని 2016లో వెలువడిన పత్రానికి చాలా పేరు వచ్చింది. 2020లో మరో పరిశోధకుడు అదే సమాచారాన్ని తిరగదోడి ఆ ఫలితం నిలబడదని వాదించాడు. మొదటి పత్రాన్ని ఉదహరిస్తే రెండోదాన్ని కూడా ఉదహరించాలి.

తనిఖీలు తగ్గిస్తే నేరాలు పెరుగుతాయన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది, దానికీ లెక్క సిద్ధంగా పెట్టుకోండి. న్యూయార్క్‌లో తనిఖీలు 2011లో 6,85,000 దాటాయి, 2017 నాటికి 12,000 కంటే దిగువకు వచ్చాయి. హత్యలు 2011లో 515, 2017లో 292. తనిఖీలు తగ్గడం వల్ల హత్యలు తగ్గాయని ఈ అంకెలు చెప్పవు. తనిఖీలు తగ్గితే నగరం నెత్తుటి మడుగు అవుతుందన్న జోస్యాన్ని మాత్రం ఇవి తోసిపుచ్చుతాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఇదే పని చేయాలంటే

మన దగ్గర ఒంటి రంగు స్థానంలో కులం, మతం, తెగ ఉంటాయి. పుట్టుకను బట్టి నేరస్తులని ముద్ర వేసిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయినా, బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు చెబితే వినేవారి ముఖంలో వచ్చే మార్పు ఇంకా పోలేదు. ఎరుకల కుటుంబాల కోసం ఆ సెటిల్‌మెంటును ఆ కాలపు ప్రభుత్వం అండతో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నెలకొల్పింది. 2019లో విడుదలైన ఒక జాతీయ సర్వేలో, ముస్లింలకు సహజంగానే నేరాలవైపు మొగ్గు ఉంటుందని కొంతో చాలానో నమ్ముతున్నామని పోలీసుల్లో దాదాపు సగం మంది చెప్పారు. సుప్రీంకోర్టు 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, కేవలం కులం, తెగ, పేదరికం కారణంగా అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలోకి (పోలీసులు నిఘా కోసం ఉంచే రికార్డుల్లోకి) ఎక్కకుండా చూడాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్య శాంత కేసు తీర్పులో, విముక్త జాతులవారిని (ఒకప్పుడు ఆ చట్టం కింద ముద్ర పడి తరువాత విడుదలైనవారిని) ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా మార్గదర్శకాలను పాటించాలని పోలీసులను ఆదేశించింది.

కాని లెక్క కట్టడానికి కావలసిన పట్టికే లేదు. హైదరాబాద్ బస్తీల్లో కార్డన్ సెర్చ్ (బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేయడం) జరిగిన మరుసటి రోజు పత్రికల్లో ఎన్ని బైకులు పట్టుకున్నారో వస్తుంది, ఎన్ని ఇళ్ల తలుపు తట్టారో, అందులో ఎన్నింట్లో ఏమీ దొరకలేదో రాదు. ఖైదీల కులం, మతం వివరాలు జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వెలువరించే జైళ్ల గణాంకాల్లో ఉంటాయి, అయితే అవి వ్యవహారం చివరి అంచెను మాత్రమే చూపిస్తాయి. ఎవరిని ఆపారు, ఎవరిని వదిలారు అన్న మొదటి అంచెను చూపవు.

ఉన్నంతలో చేయగలిగింది సమాచార హక్కు దరఖాస్తు. పేర్లు అడిగితే గోప్యత, దర్యాప్తు అన్న కారణాలతో తిరస్కరిస్తారు కాబట్టి సంఖ్యలు మాత్రమే అడగండి. ఫలానా స్టేషన్ పరిధిలో ఫలానా మూడేళ్లలో జరిగిన కార్డన్ సెర్చ్‌లు ఎన్ని, ఏ ఏ కాలనీల్లో, ఒక్కోదానిలో సోదా చేసిన ఇళ్లు ఎన్ని, నమోదైన కేసులు ఎన్ని. స్టేషన్‌లో తెరిచి ఉన్న రౌడీషీట్లు, హిస్టరీ షీట్లు ఎన్ని, వాటిలో ఒక్క శిక్ష కూడా పడనివారివి ఎన్ని, గడచిన మూడేళ్లలో మూసివేసినవి ఎన్ని అని విడివిడి ప్రశ్నలుగా రాయండి. 'వివరాలు ఇవ్వగలరు' అని ముగిసే ఒకే పెద్ద ప్రశ్నకు ఒకే చిన్న తిరస్కారం వస్తుంది. కాలనీల పేర్లు వస్తే వాటిని జనాభా లెక్కల వార్డు వివరాలతో సరిపోల్చి, ఎస్సీ, ఎస్టీ జనాభా ఎక్కువగా ఉన్న వార్డుల్లో సోదాలు ఎన్ని, తక్కువగా ఉన్నవాటిలో ఎన్ని అని చూడవచ్చు. మతం వివరాలు వార్డు స్థాయిలో దొరకనిచోట ఆ విషయం మీద తీర్మానం చేయకండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు అరకొరగా ఉన్నా, మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. ఒకే ప్రశ్నావళిని పక్కపక్కనున్న నాలుగైదు స్టేషన్లకు ఒకేసారి పంపితే, ఒక స్టేషన్ ఇచ్చిన సంఖ్యలను మరో స్టేషన్ రహస్యమని చెప్పినప్పుడు అప్పీలులో చూపించడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.